కస్టమ్స్ పెనాల్టీ కట్టేశాక మళ్లీ క్రిమినల్ కేసా? డబుల్ జెపర్డీ వాదన ఎంతవరకు నిలుస్తుంది

చదివేవాళ్లకు తెలియడానికి మీరడిగినది ముందు క్లుప్తంగా చెబుతాను. విజయవాడలో మీ అన్నయ్యగారికి ఫర్నిచర్ ఫిట్టింగుల వ్యాపారం ఉంది. 2022–23లో చైనా నుంచి తెప్పించిన కంటైనర్లకు ఇన్‌వాయిస్‌లో ధర తగ్గించి చూపారని, మిగతా సొమ్ము హవాలాలో పంపారని కస్టమ్స్ నిఘా విభాగం డీఆర్‌ఐ పట్టుకుంది. ఎగ్గొట్టారన్న డ్యూటీ 2.4 కోట్లు. షోకాజ్ నోటీసు అందిన 30 రోజుల్లోపే డ్యూటీ, వడ్డీ, పైన 15 శాతం పెనాల్టీ, అంటే 36 లక్షలు కట్టేశారు. ‘ఇక్కడితో క్లోజ్’ అని సీహెచ్‌ఏ (కస్టమ్స్ ఏజెంట్) చెప్పాడు. ఇప్పుడేమో కస్టమ్స్ వాళ్లు ఆర్థిక నేరాల కోర్టులో కస్టమ్స్ చట్టం 132 (అబద్ధపు డిక్లరేషన్), 135 (డ్యూటీ ఎగవేత) సెక్షన్ల కింద కంప్లయింట్ వేశారు. పోలీసులు ఐపీసీ 420 (మోసం), 468, 471 (ఫోర్జరీ), 120బి (కుట్ర) కింద ఎఫ్‌ఐఆర్ కట్టారు. మనీ లాండరింగ్ కేసులు చూసే ఈడీ సమన్లు కూడా వచ్చాయి. ఒకే తప్పుకు నాలుగుసార్లు శిక్షా, ఇది డబుల్ జెపర్డీ (ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష) కాదా అని మీ ప్రశ్న. మీ లాయరుగారు కూడా అదే పాయింట్ మీద హైకోర్టుకు వెళ్దామంటున్నారు.

ఇన్నేళ్లుగా కస్టమ్స్ కేసులే చూస్తున్నవాడిగా సూటిగా చెబుతున్నాను. పెనాల్టీ కట్టాం కాబట్టి క్రిమినల్ కేసు చెల్లదు అన్న ఒక్క వాదన పట్టుకుని హైకోర్టుకు వెళ్లకండి. ఆ తలుపు 1953లోనే మూసుకుపోయింది.

అప్పటి కేసు మక్బూల్ హుస్సేన్‌ది. 1949 నవంబర్‌లో జెడ్డా నుంచి వచ్చి బొంబాయి శాంతాక్రజ్ విమానాశ్రయంలో దిగాడు. దగ్గర 107 తులాల పైచిలుకు బంగారం దొరికింది. కస్టమ్స్ వాళ్లు దాన్ని జప్తు చేసి, కావాలంటే 12,000 రూపాయలు కట్టి విడిపించుకోమన్నారు. ఎవరూ విడిపించుకోలేదు. మరుసటి ఏడాది అదే బంగారం గురించి విదేశీ మారకద్రవ్య చట్టం కింద మేజిస్ట్రేట్ కోర్టులో కేసు పెట్టారు. మీ అన్నయ్యగారి తరఫున మీరు అడిగిన ప్రశ్నే అతనూ అడిగాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రాజ్యాంగం 20(2) అధికరణ చెప్పేది ‘ఒకే నేరానికి ఒకసారికి మించి ప్రాసిక్యూట్ చేసి శిక్షించకూడదు’ అని. ఆ రెండు మాటలకూ కోర్టు గానీ న్యాయ అధికారం ఉన్న ట్రిబ్యునల్ గానీ కావాలి. కస్టమ్స్ అధికారి కోర్టు కాదు. ఆయన ముందు నడిచేది విచారణే అయినా ప్రాసిక్యూషన్ కాదు. సరుకు జప్తు చేసినా, ఎన్ని లక్షల పెనాల్టీ వేసినా ఈ అధికరణ లెక్కలో అది మొదటిసారి శిక్ష కిందికి రాదు.

దీన్ని గట్టిగా ఎదిరించింది మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు గారు. 1957లో అట్టారీ సరిహద్దు దగ్గర కారులో దాచిన కరెన్సీతో పట్టుబడ్డ థామస్ డానా కేసులో, ముందు కస్టమ్స్ భారీ పెనాల్టీ వేసింది, తర్వాత క్రిమినల్ కోర్టు జైలుశిక్ష వేసింది. తక్కిన జడ్జీలు పాత దారినే వెళ్లారు. సాక్షులను పిలిపించి, తప్పు తేల్చి, పెనాల్టీ వేసే కస్టమ్స్ అధికారి నిజానికి న్యాయ ట్రిబ్యునల్ పనే చేస్తున్నాడని సుబ్బారావు గారు భిన్నాభిప్రాయం రాశారు. చదివితే ఇప్పటికీ ఆయన చెప్పిందే సబబు అనిపిస్తుంది నాకు. కానీ అది మైనారిటీ తీర్పు. దాన్ని కోర్టులో గౌరవంగా వింటారు తప్ప దాని మీద కేసు కొట్టేయరు.

అమెరికాలో అయితే ఇలా జరగదని మీరు రాశారు. అక్కడా జరుగుతుంది. 1972లో స్మగ్లింగ్ కేసులో నిర్దోషిగా బయటపడిన వ్యక్తి దగ్గరి రత్నాలూ ఉంగరమూ మళ్లీ జప్తు ప్రొసీడింగ్స్‌లో ప్రభుత్వానికి పోయాయి. జప్తు సివిల్ చర్య, శిక్ష కాదు అన్నది అక్కడి సుప్రీంకోర్టు.

మన కస్టమ్స్ చట్టంలో ఈ సంగతి దాచి పెట్టిందేమీ లేదు. 127వ సెక్షన్ తేటగా చెబుతుంది: కస్టమ్స్ అధికారి జప్తు చేసినా, పెనాల్టీ వేసినా, ఈ చట్టం కింద గానీ మరో చట్టం కింద గానీ పడే ఇతర శిక్షకు అది అడ్డు కాదు. మీరు వాడుకున్న 15 శాతం సదుపాయం 28(5)లో ఉంది. అది కట్టాక ఏమవుతుందో 28(6)లో ఉంది. నోటీసులోని విషయాలు ముగిసినట్టే భావిస్తారు, అయితే 135, 135ఏ, 140 సెక్షన్లకు భంగం లేకుండా. సీహెచ్‌ఏలు మొదటి సగం చెప్పి ఊరుకుంటారు. అతను అబద్ధం చెప్పాడనను. డ్యూటీ గొడవ నిజంగానే క్లోజ్ అయింది. జైలు గొడవ మాత్రం అందులో ఎప్పుడూ లేదు.

అందులో చిన్న సందు ఒకటుంది. ఆ మినహాయింపులో 135 పేరు ఉంది, 132 పేరు లేదు. అబద్ధపు డిక్లరేషన్‌కు 132 కింద రెండేళ్ల వరకు జైలు. 28(6) ప్రకారం ముగిసిపోయిన వ్యవహారంలో 132 కింద కంప్లయింట్ ఎలా నడుస్తుందని అడగవచ్చు. అడగండి, రికార్డులోకి వస్తుంది. కానీ అసలు బరువంతా 135 మీద ఉంది. డ్యూటీ ఎగవేత 50 లక్షలు దాటితే ఏడేళ్ల దాకా పడుతుంది.

ఇంతకంటే కటువైన సంగతి 135(3). తీర్పులో ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప ఏడాదికి తగ్గకుండా శిక్ష వేయాలని చట్టం అంటుంది. ఏవి ప్రత్యేక కారణాలు కావో కూడా అదే చెబుతుంది: మొదటిసారి శిక్ష పడటం, వయసు, మోసేవాడు మాత్రమే కావడం, ఇదే పనికి ముందే పెనాల్టీ కట్టి ఉండటం. అంటే ‘ఇప్పటికే 36 లక్షలు కట్టామండీ’ అన్న మాట నేరం లేదనడానికి పనికిరాదు, శిక్ష తగ్గించమని అడగడానికీ చట్టం ఒప్పుకోదు. దీన్ని మీ అన్నయ్యగారికి తప్పకుండా చదివి వినిపించండి.

ఎందుకంటే ఇలాంటి కేసుల్లో ఎవరో ఒకరు ‘నేరం ఒప్పేసుకోండి, ఫైన్‌తో పోతుంది, తర్వాత మిగతా కేసులకు డబుల్ జెపర్డీ అడ్డం వేద్దాం’ అని సలహా ఇస్తారు. వినడానికి తెలివిగా ఉంటుంది. 135 కింద ఫైన్‌తో పోతుందన్న గ్యారంటీ లేదని పైనే చూశారు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు ప్రొబేషన్ కూడా వర్తించదని 140ఏ అంటుంది. పైగా ఆ ఒప్పుకోలు ఈడీ కేసుకు మీరే వేసిచ్చిన పునాది అవుతుంది.

ఇక డబుల్ జెపర్డీ అసలు ఎక్కడ పనిచేస్తుందో చూద్దాం. రాజ్యాంగం కంటే విశాలమైన రక్షణ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 300వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి అదే కొత్త కోడ్ బీఎన్‌ఎస్‌ఎస్‌లో 337. అధికరణ 20(2)కి శిక్ష పడి ఉండాలి. ఇక్కడ నిర్దోషిగా విడుదలైనా చాలు. ‘అదే నేరం’ కానక్కరలేదు, ‘అవే వాస్తవాల’ మీద వేయగలిగిన వేరే ఛార్జీకి కూడా కొన్నిసార్లు అడ్డుకట్ట పడుతుంది. కానీ మొదటి మెట్టు మారదు. సమర్థమైన కోర్టు ముందు ఒక విచారణ జరిగి, శిక్షతోనో విడుదలతోనో ముగిసి ఉండాలి. ఆ తీర్పు అమల్లో ఉండాలి. డిశ్చార్జ్ అయితే (విచారణకు ముందే కేసు నుంచి తప్పిస్తే) అది విడుదల కింద లెక్క కాదని సెక్షన్ వివరణే చెబుతుంది. మీ అన్నయ్యగారి మీద ఏ కేసూ ముగియలేదు. కాబట్టి ఇవాళ ఈ వాదన వేస్తే ‘ఇంకా వేళ కాలేదు’ అని పక్కన పెడతారు. పైగా అదే సెక్షన్ రెండో ఉపవిభాగం, మొదటి విచారణలో విడిగా ఛార్జీ వేయదగ్గ భిన్నమైన నేరానికి రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో మళ్లీ విచారించవచ్చంటుంది.

‘అదే నేరం’ అంటే ఏమిటన్నది 1961 నాటి ఆప్టే కేసు నుంచి కోర్టులు ఒకే పద్ధతిలో చూస్తున్నాయి. వాస్తవాలు ఒకటేనా అని కాదు, నేరాన్ని రుజువు చేయడానికి కావలసిన అంశాలు ఒకటేనా అని. చెక్ బౌన్స్ కేసుల్లో దీని మీద పెద్ద గందరగోళమే నడిచింది. 2011లో మన ఆంధ్రా నుంచి వెళ్లిన ఒక కేసులో, చెక్కు మీద శిక్ష పడ్డాక అవే వాస్తవాలతో 420, 406 కింద మళ్లీ నడపకూడదని సుప్రీంకోర్టు 300(1) ఆధారంగా ఆపింది. మరుసటి ఏడాది గుజరాత్ కేసులో, చెక్ బౌన్స్‌కు మోసపు ఉద్దేశం రుజువు చేయనక్కరలేదు, 420కి చేయాలి, కాబట్టి రెండూ వేరని చెప్పింది. కుట్ర సంగతి ఇంకా పాతది. థామస్ డానాతో పాటు పట్టుబడ్డ లియో రాయ్ ఫ్రే కేసులోనే కుట్ర వేరు, కుట్రతో చేసిన నేరం వేరు అని తేల్చేశారు. అందుకే 120బి అంత తేలిగ్గా ఊడిరాదు.

కాబట్టి నా సలహా, ‘ఎన్ని కేసులు’ అని లెక్కపెట్టడం మానేసి, ఒక్కో సెక్షన్‌కు వాళ్లు ఏం రుజువు చేయాలో రాసుకోండి. మీ కేసులో అసలు సరుకు అక్కడే ఉంది, ముఖ్యంగా పోలీసు ఎఫ్‌ఐఆర్‌లో.

468, 471 ఫోర్జరీకి సంబంధించినవి. మీ అన్నయ్యగారు చూపిన తక్కువ ధర ఇన్‌వాయిస్ ఎవరు తయారు చేశారు? చైనా సప్లయరే తన లెటర్‌హెడ్ మీద, తన సంతకంతో రెండు ఇన్‌వాయిస్‌లు ఇచ్చి ఉంటే, కస్టమ్స్‌కు చూపినదాంట్లో ధర అబద్ధమే. కానీ అది ఫోర్జరీ కాదు. వేరొకరు రాసినట్టు నమ్మించేలా పత్రం పుట్టిస్తే, లేదా ఉన్న పత్రాన్ని దిద్దితే ఫోర్జరీ. తన పేరుతో తానే అబద్ధం రాస్తే ఫోర్జరీ అవదని 2009లో మహమ్మద్ ఇబ్రహీం కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. అలాకాకుండా సప్లయర్ లెటర్‌హెడ్‌ను విజయవాడలో స్కాన్ చేసి ఇక్కడే ధర మార్చి ప్రింట్ తీసుంటే అది నికార్సయిన ఫోర్జరీ, ఏ వాదనా కాపాడదు. ఈ ఒక్క విషయం ఆయన్ని కూర్చోబెట్టి, మొహమాటం లేకుండా అడగండి. డీఆర్‌ఐ పట్టుకెళ్లిన ఫోన్లలో, వాట్సాప్ చాట్లలో సమాధానం ఇప్పటికే ఉండి ఉంటుంది. ఆయన చెప్పేది దాంతో కలవాలి.

మొదటి రకం అయితే ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేయమని హైకోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద అడగడానికి గట్టి కారణం దొరికినట్టే. అది డబుల్ జెపర్డీ పిటిషన్ కాదు. ‘చెప్పిన వాస్తవాలన్నీ నిజమే అనుకున్నా ఈ సెక్షన్ల కింద నేరం కాదు’ అనే పిటిషన్. 420 దగ్గర కూడా ఇదే పని చేయాలి: ఎవర్ని నమ్మించి, ఏ ఆస్తి రాబట్టుకున్నారని పోలీసులు అంటున్నారు? డ్యూటీ తగ్గించి కట్టడం కస్టమ్స్ చట్టమే ప్రత్యేకంగా శిక్షించే నేరం. దానికే 420 అంటించడం మీద వాదించడానికి చోటుంది. అయితే ప్రత్యేక చట్టం ఉన్నంత మాత్రాన ఐపీసీ పోదు. ఇసుక తవ్వకాల కేసుల్లో 2014లో సుప్రీంకోర్టు గనుల చట్టమూ, ఐపీసీ దొంగతనం సెక్షనూ పక్కపక్కనే నడవవచ్చంది. జనరల్ క్లాజెస్ చట్టం 26వ సెక్షన్ కూడా అంతే: ఏ చట్టం కిందైనా ప్రాసిక్యూట్ చేయవచ్చు, ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించకూడదు.

ఒకే కంప్లయింట్‌లో 132, 135 రెండూ పెట్టడంలో తప్పు లేదు. ఒకే విచారణ కాబట్టి అక్కడ డబుల్ జెపర్డీ ప్రశ్నే రాదు. శిక్ష దగ్గర మాత్రం ఐపీసీ 71 అడ్డుపడుతుంది. ఒకే పని రెండు నిర్వచనాల్లో పడితే, వాటిలో ఏదో ఒకదానికి వేయగలిగినదాన్ని మించి వేయకూడదు. వేర్వేరు కోర్టుల్లో వేర్వేరు శిక్షలు పడితే అవి ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. కలిపి నడవాలంటే రెండో కోర్టు అలా ఆదేశించాలి. రెండో కోర్టులో ఆ మాట అడగడం చాలామంది మర్చిపోతారు.

పెనాల్టీ ప్రొసీడింగ్స్‌కూ క్రిమినల్ కేసుకూ సంబంధమే లేదా అంటే, ఒక దారిలో ఉంది. 2011లో రాధేశ్యామ్ కేజ్రీవాల్ కేసులో సుప్రీంకోర్టు, రెండూ ఏకకాలంలో నడవవచ్చు, ఒకదాని కోసం మరొకటి ఆగనక్కరలేదు అంటూనే ఒక మాట చేర్చింది. అడ్జుడికేషన్‌లో (పెనాల్టీ తేల్చే విచారణలో) ఆరోపణ అసలు నిలవదని, వ్యక్తి నిర్దోషి అని మెరిట్స్ మీద తేలితే, అవే వాస్తవాల మీద క్రిమినల్ కేసు నడపడం కోర్టు ప్రక్రియను దుర్వినియోగం చేయడమే. టెక్నికల్ కారణంతో బయటపడితే ఈ లాభం లేదు. కస్టమ్స్ ప్రాసిక్యూషన్లు కూలిపోయిన చోట నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. దురదృష్టం ఏమిటంటే, మీరు 28(5) కింద కట్టేసి ఆ పోరాటాన్ని మొదలు కాకుండానే ముగించారు. కమిషనర్ ముందు, ట్రిబ్యునల్ ముందు నిలబడి ధర నిజమేనని గెలిచి ఉంటే ఇవాళ కథ వేరుగా ఉండేది. ఇలాంటి నోటీసు వచ్చి ఇంకా కట్టనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, సరుకు విలువ విషయంలో నిజంగా వాదన ఉందనుకుంటే, 15 శాతం తక్కువ కదా అని తొందరపడకండి. వాదన లేకపోతే కట్టడమే మంచిది. వడ్డీ ఆగుతుంది. తర్వాత నేను చెప్పబోయే కాంపౌండింగ్‌కూ దారి సాఫీగా ఉంటుంది.

కాంపౌండింగ్ 137(3)లో ఉంది. ప్రాసిక్యూషన్ మొదలుకాకముందైనా, మొదలయ్యాకైనా చీఫ్ కమిషనర్‌కు దరఖాస్తు చేసి, రూల్స్ ప్రకారం నిర్ణయించిన మొత్తం కట్టి నేరాన్ని రాజీ చేసుకోవచ్చు. 135 కింద ఈ అవకాశం జీవితంలో ఒక్కసారే. మీ అన్నయ్యగారు ఇంతకుముందు వాడుకోకపోతే, డ్యూటీ వడ్డీతో సహా కట్టేసి ఉన్నారు కాబట్టి, నా లెక్కలో ఇదే మీకున్న మంచి దారి. ఒక్క జాగ్రత్త. దీంతో వచ్చే రక్షణ కస్టమ్స్ చట్టం కింది ప్రాసిక్యూషన్ వరకే. పోలీసు కేసు దానంతటదే పోదు.

అదెందుకు ముఖ్యమంటే, ఈడీ నిలబడేది వీటి మీదే. మనీ లాండరింగ్ చట్టం పీఎంఎల్‌ఏ షెడ్యూల్‌లో (ఆ కేసుకు మూలమయ్యే నేరాల జాబితాలో) కస్టమ్స్ 135 ఉంది, ఐపీసీ 420, 471 కూడా ఉన్నాయి. మనీ లాండరింగ్ విడి నేరమని 2022 జులైలో విజయ్ మదన్‌లాల్ చౌదరి తీర్పు చెప్పింది. కాబట్టి ‘అదే నేరం’ వాదన అక్కడ కుదరదు. అదే తీర్పు, మూలమైన షెడ్యూల్డ్ నేరంలో వ్యక్తి విడుదలైనా, ఆ కేసు కొట్టివేసినా లాండరింగ్ కేసు నిలవదనీ చెప్పింది. అంటే కస్టమ్స్ కేసును కాంపౌండ్ చేసుకుని ఎఫ్‌ఐఆర్‌ను వదిలేస్తే ఈడీకి కాలు మోపడానికి చోటు మిగిలినట్టే. రెండు పనులూ కలిపి ప్లాన్ చేయాలి. ఈడీ కేసులో బెయిల్ ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కరలేదు. హవాలా భాగం మీద విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా కింద నోటీసు కూడా రావచ్చు. అది మళ్లీ పెనాల్టీ వ్యవహారమే, మక్బూల్ హుస్సేన్ లెక్కే.

కాఫిపోసా గురించి కూడా అడిగారు. అది స్మగ్లింగ్ చేయకుండా ముందుగానే లోపల ఉంచే చట్టం (నివారణ నిర్బంధం), శిక్ష కాదు కాబట్టి డబుల్ జెపర్డీ దాని జోలికి రాదు. పాత దిగుమతుల మీద, సొమ్ము కూడా కట్టేశాక, ఇప్పుడు అది వాడతారని నేననుకోను.

ఇన్ని కేసులు కలిసిపోయినప్పుడు అసలు ప్రమాదం స్టేట్‌మెంట్ల దగ్గర ఉంటుంది. కస్టమ్స్ చట్టం 108 సెక్షన్ కింద డీఆర్‌ఐకి ఇచ్చిన స్టేట్‌మెంట్ పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం లాంటిది కాదు. కస్టమ్స్ అధికారి పోలీసు అధికారి కాడని కోర్టులు ఎప్పటినుంచో అంటున్నాయి, 2025 ఫిబ్రవరిలో రాధికా అగర్వాల్ తీర్పులోనూ అదే అన్నారు. అందుకే అందులో ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా వస్తుంది. ఇప్పుడు ఈడీ ముందు చెప్పేది కూడా అలాగే వాడతారు. మీ అన్నయ్యగారు ఈడీ ఆఫీసుకు వెళ్లేముందు పాత స్టేట్‌మెంట్లన్నింటి కాపీలు తీసుకుని వరసగా చదవాలి. ఒత్తిడి మీద రాయించారని ఉంటే, ఇన్నాళ్లూ వెనక్కి తీసుకోకపోవడానికి కారణం కూడా సిద్ధంగా ఉండాలి.

కంప్లయింట్ కాపీలో రెండు చోట్లు చూడండి. కమిషనర్ శాంక్షన్ ఆర్డర్ (కేసు వేయడానికి అనుమతి) జతపరిచారా, దాంట్లో మీరు డబ్బు కట్టేసిన సంగతి ప్రస్తావించారా అన్నది మొదటిది. 137(1) ప్రకారం శాంక్షన్ లేనిదే కోర్టు కేసు తీసుకోకూడదు. అసలు విషయాలు చూడకుండా యాంత్రికంగా ఇచ్చిన శాంక్షన్‌ను ప్రశ్నించవచ్చు. రెండోది కస్టమ్స్ బోర్డు 2022 ఆగస్టు సర్క్యులర్. వాణిజ్య మోసాల్లో మామూలుగా 2 కోట్లు, ఆ పైన ఉన్న కేసుల్లోనే ప్రాసిక్యూషన్‌కు వెళ్లమని అందులో ఉంది. మీది 2.4 కోట్లు, గీత దాటి కొద్దిగానే ఉన్నారు. ఏ కంటైనర్ మీద ఎంత తేడా అని డీఆర్‌ఐ వేసిన పట్టికను అకౌంటెంట్ చేత ఒక్కసారి తిరిగి కూడించండి. నోటీసులో తప్పు లెక్కలు పడటం అరుదేమీ కాదు.

చివర్లో అడిగారు, క్రిమినల్ కేసులో గెలిస్తే కట్టిన 36 లక్షలు తిరిగొస్తాయా అని. రావు. మీరు స్వయంగా కట్టి ముగించుకున్న వ్యవహారం అది, 28(6) దాన్ని మళ్లీ తెరవనివ్వదు. పైగా క్రిమినల్ కోర్టులో అనుమానానికి తావులేకుండా రుజువు కావాలి, డ్యూటీ తేల్చడానికి అంత అక్కరలేదు.